మార్చికి ముందు సంతకం వద్దంటే ఎవరికి లాభం?

కోటప్పకొండ తిరునాళ్లకు ఊరూరా ప్రభలు కడుతున్న రోజులవి. గురజాల వైపు నుంచి తెలిసిన రైతు ఒకాయన నరసరావుపేటలో పని చూసుకుని మా ఇంటికి వచ్చారు. మజ్జిగ తాగి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచారు. వాళ్లబ్బాయి గుంటూరులో ఎంబీబీఎస్ చేశాడు. అమెరికా పరీక్షలు రాసి, పైన కోటూ టై, కింద లుంగీతో అర్ధరాత్రి దాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రెసిడెన్సీ (అక్కడి పీజీ శిక్షణ) ఇంటర్వ్యూలు ఇచ్చాడు. వాటిలో ఒక ఆసుపత్రి పంపిన ఈమెయిల్‌ను ఈయన నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించారు. మీతో మాట్లాడటం సంతోషం, మా ప్రోగ్రాంకు మీరు చక్కగా సరిపోతారు, మా లిస్టులో మీకు మంచి చోటు ఇవ్వాలనుకుంటున్నాం అని అందులో సారాంశం.

"ఇది ఆర్డరేనాండీ?" అని అడిగారు.

కాదు. పిల్లలు తమలో తాము ఇలాంటి ఉత్తరాన్ని 'లవ్ లెటర్' అంటారు. మర్యాదే తప్ప మాట కాదు. ఆ సంగతి చెబితే ఆయన మొహం చిన్నబోయింది. కాసేపాగి అసలు ప్రశ్న అడిగారు. "వాళ్లకు నచ్చాడు, వీడికీ నచ్చింది. ఒక అగ్రిమెంటు రాసుకుంటే పోయేదానికి మార్చి దాకా గోడ మీద పిల్లిలా ఈ కూర్చోవడం ఏంటి?"

అలా రాసుకునే రోజులు కూడా ఉండేవి. 2012 దాకా ఉండేవి. అవి పోవడం వల్ల మనవాళ్లకు జరిగింది నష్టమా, లాభమా అన్నది అంకెల్లో చూడాలి.

ఒక్క ఏడాదిలో ఏడు

అమెరికాలో రెసిడెన్సీ సీట్లకు డాక్టర్లను జతచేసే సంస్థ పేరు నేషనల్ రెసిడెంట్ మ్యాచింగ్ ప్రోగ్రాం. పొట్టిగా ఎన్‌ఆర్‌ఎంపీ. దాని జతచేర్పునే మ్యాచ్ అంటారు. డాక్టర్లూ ఆసుపత్రులూ రాసిచ్చే ఇష్టాల వరస ర్యాంక్ లిస్టు, ఫలితం మార్చిలో. 2012 మ్యాచ్‌లో అమెరికా పౌరసత్వం లేని విదేశీ వైద్య పట్టభద్రులు 6,828 మంది పోటీలో నిలిచారు. సీటు దక్కింది 2,775 మందికి. నూటికి 40.6. మరుసటి ఏడాది, 2013లో, 7,568 మంది నిలిస్తే 3,601 మందికి దక్కింది. నూటికి 47.6. పోటీ పడేవాళ్లు 740 మంది పెరిగితే, సీటు దక్కినవాళ్లు 826 మంది పెరిగారు.

ఏడాది తిరిగేసరికి మన పిల్లలు అంత తెలివి మీరారా? అదేం లేదు. మ్యాచ్‌లోకి వచ్చిన సీట్లే పెరిగాయి. 2012లో అన్ని రకాలూ కలిపి 26,772 ఉంటే 2013లో 29,171 అయ్యాయి. అంటే 2,399 ఎక్కువ. ఒక్క ఇంటర్నల్ మెడిసిన్‌లోనే 5,277 నుంచి 6,277కు, సరిగ్గా వెయ్యి పెరిగాయి. పోనీ ఏడాదిలో అన్ని కొత్త వార్డులు కట్టారా అంటే అదీ కాదు. వాటిలో చాలా సీట్లు అంతకుముందూ ఉన్నవే. దొడ్డిదారిన భర్తీ అయ్యేవి. ఇప్పుడు వీధి గుమ్మంలోకి వచ్చాయి.

దొడ్డిదారి అన్నానని అది తప్పుడు పని అనుకోవద్దు. అప్పటి నిబంధనలు ఒప్పుకున్నదే. అమెరికా వైద్య కళాశాలల్లో చివరి ఏడాది చదివేవాళ్లను మాత్రం మ్యాచ్‌లో ఉన్న ప్రోగ్రాంలు మ్యాచ్ ద్వారానే తీసుకోవాలి. మిగతావాళ్లతో, అంటే బయటి దేశాల్లో చదివినవాళ్లతో, ఎప్పుడో పట్టా పుచ్చుకున్నవాళ్లతో, ఆసుపత్రి నేరుగా ఒప్పందం రాసుకోవచ్చు. దానికే ప్రీమ్యాచ్ అని పేరు. డిసెంబరులోనో జనవరిలోనో కాంట్రాక్టు వస్తుంది. సంతకం పెట్టినవాళ్లు ర్యాంక్ లిస్టు గడువు లోపల మ్యాచ్ నుంచి తప్పుకోవాలి. అంటే అదే ప్రోగ్రాంలో కొన్ని సీట్లు బజార్లో, కొన్ని చాటున. ఒకే కొట్టుకు రెండు తూకాలు.

పల్నాడు రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. మిరప నారు పోసేనాటికే విత్తనాలకూ పురుగుమందులకూ కమిషన్ వ్యాపారి దగ్గర అడ్వాన్స్ తెచ్చుకుంటే, కాయ ఎండాక టిక్కీలు ఆ కొట్టుకే తోలాలి. గుంటూరు యార్డులో పక్క కొట్టు దగ్గర క్వింటాకు నాలుగు వందలు ఎక్కువ పలుకుతున్నా చూస్తూ ఊరుకోవాల్సిందే. అడ్వాన్స్ ఇచ్చినాయన చెడ్డవాడని కాదు, అవసరానికి ఆదుకున్నాడు. కానీ ధర తెలియకముందే సరుకు అమ్ముడైపోయింది. నేనీ మాట అన్నప్పుడు మా రైతు గారు తలూపారు. అయినా, "అడ్వాన్స్ దొరక్కపోతే పంటే వెయ్యలేం కదండీ" అన్నారు. ఆ మాటా నిజమే. దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

రాత్రి పన్నెండు దాటిన ఒక్క నిమిషానికి టెలిగ్రాం

ముందస్తు సంతకాల జబ్బు విదేశీ డాక్టర్లతో మొదలైంది కాదు. అమెరికా సొంత విద్యార్థులతోనే మొదలైంది. ఆసుపత్రుల్లో ఇంటర్న్ ఖాళీలు ఎక్కువ, చదువు ముగించుకుని వచ్చేవాళ్లు తక్కువ. మంచి విద్యార్థిని పక్క ఆసుపత్రి ఎగరేసుకుపోతుందేమోనని ప్రతి ఆసుపత్రీ ఇంకొంచెం ముందుగా వల వేసేది. అలా జరిగీ జరిగీ 1944 నాటికి ఇంటర్న్‌షిప్ మొదలయ్యే తేదీకి రెండేళ్ల ముందే ఒప్పందాలు అయిపోయే స్థితి వచ్చింది. అప్పటికి ఆ విద్యార్థి వార్డు మొహం సరిగ్గా చూసి ఉండడు. ఏ విభాగం ఇష్టమో వాడికీ తెలియదు, వాడెలాంటి డాక్టరవుతాడో ఆసుపత్రికీ తెలియదు.

1945లో కళాశాలలు కూడబలుక్కుని, ఫలానా తేదీ దాకా మార్కుల వివరాలూ సిఫారసు ఉత్తరాలూ బయటికి ఇవ్వం అన్నాయి. ఒప్పందాల తేదీ వెనక్కి జరిగింది గానీ గొడవ ఇంకో చోట లేచింది. ఆసుపత్రి పిలిచాక విద్యార్థి ఎన్నాళ్లలో జవాబివ్వాలి? 1945లో పది రోజులు అన్నారు. 1946లో ఎనిమిది. 1949కి వచ్చేసరికి ఫలానా రోజు రాత్రి 12 గంటల 1 నిమిషానికి టెలిగ్రాంలు వెళ్లాలి, అదే రోజు మధ్యాహ్నం పన్నెండింటి దాకా విద్యార్థికి ఆలోచించుకునే వ్యవధి ఉండాలి అని ప్రతిపాదించారు. ఆ పన్నెండు గంటలే ఎక్కువన్నది ఆసుపత్రుల సంఘం. చివరికి వ్యవధే అక్కర్లేదని రాసుకున్నారు. అర్ధరాత్రి తలుపు కొట్టి "వస్తావా, రావా" అని అడగడం అన్నమాట.

అక్కడి నుంచి పుట్టిందే 1952 నాటి మొదటి మ్యాచ్. పది వేలకు పైగా ఖాళీలు, ఆరు వేల చిల్లర విద్యార్థులు. అందులోనూ ఒక చిన్న కథ ఉంది. ముందు తలపెట్టిన పద్ధతిలో విద్యార్థి తన ఇష్టాన్ని ఉన్నదున్నట్టు రాస్తే నష్టపోయే లొసుగు ఉంది. దాన్ని పట్టుకున్నది ప్రొఫెసర్లు కాదు, విద్యార్థులే. హార్వర్డ్‌లో చదువుతున్న హార్డీ హెండ్రెన్ అనే కుర్రాడు ముందు నిలవగా గొడవ చేసి మార్పించారు. ఆయన తర్వాత పిల్లల సర్జరీలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

'ఆల్ ఇన్'

అరవై ఏళ్ల తర్వాత కూడా మిగిలిపోయిన కంత ప్రీమ్యాచ్. 2013 మ్యాచ్ నుంచి ఎన్‌ఆర్‌ఎంపీ దాన్ని మూసింది. పేరు 'ఆల్ ఇన్' పాలసీ. పేకాటలో చేతిలో ఉన్నదంతా బల్ల మీదికి నెట్టేసేటప్పుడు అనే మాటలా ఉంటుంది. అర్థమూ దాదాపు అదే. ఒక ప్రోగ్రాం మ్యాచ్‌లోకి వస్తే దాని సీట్లన్నీ మ్యాచ్‌లో పెట్టాలి. లేదంటే ఒక్కటీ పెట్టకూడదు. సగం ఇటు, సగం అటు కుదరదు. మ్యాచ్‌లోకి రానంటే మంచిది, సీట్లన్నీ బయటే నింపుకోవచ్చు. కానీ అప్పుడు అమెరికా కళాశాలల నుంచి వచ్చే వేలాది మంది పిల్లలు ఆ ప్రోగ్రాం వైపు చూడరు. ఏ ఆసుపత్రి అంత తెగిస్తుంది? చాలా వరకూ లోపలికే వచ్చాయి.

అప్పట్లో మనవాళ్లలో గుబులు పుట్టింది. ప్రీమ్యాచ్ ఉంటేనే మనకు దిక్కు, అందరితో కలిపి ఒకే గాటన కడితే అమెరికా పిల్లల ముందు మనమెక్కడ నిలుస్తాం అని. ఆ భయం నిజమైందో లేదో పైన 40.6 పక్కన 47.6 రాసి చూపించాను. ఇంకొంచెం తవ్వుదాం. మొదటి ఏడాది సీట్లు 2012లో 24,034, 2013లో 26,392. పెరిగినవి 2,358. విదేశాల్లో చదివొచ్చిన అమెరికా పౌరుల్లో సీటు దక్కినవాళ్లు 2,102 నుంచి 2,706 అయ్యారు, 604 ఎక్కువ. మన బోటివాళ్లు 826 ఎక్కువ. రెండూ కలిపితే 1,430. కొత్తగా మ్యాచ్‌లోకొచ్చిన ప్రతి పది సీట్లకూ ఆరు సీట్ల లెక్కన విదేశీ పట్టా ఉన్నవాళ్లు పెరిగారు. అదే ఏడాది అమెరికా కళాశాలల చివరి ఏడాది విద్యార్థుల శాతం 95.1 నుంచి 93.7కు తగ్గింది.

ఇక్కడ చంకలు గుద్దుకోకూడదు. ఆ 826 మందీ కొత్త లాభం కాదు. పాత పద్ధతి ఉంటే వాళ్లలో చాలామంది జనవరిలోనే ఎక్కడో సంతకం పెట్టి, మ్యాచ్ లెక్కలోకి రాకుండానే ఉద్యోగంలో చేరేవాళ్లు. అంటే నిబంధన కొత్త సీట్లు పుట్టించలేదు. ఉన్న సీట్లను లెక్కలోకి తెచ్చింది. మరి తేడా ఏమిటంటే, జనవరిలో రెండు రోజుల గడువుతో ఒక్క ఆసుపత్రినే చూసి సంతకం పెట్టాల్సినవాడు ఇప్పుడు ఇంటర్వ్యూకి పిలిచిన ఆసుపత్రులన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని తన ఇష్టం ప్రకారం వరస రాస్తున్నాడు. ఆ వరస పనిచేసే తీరు తెలిస్తేగానీ ఇది ఎంత తేడానో అర్థం కాదు.

మాచర్ల, గురజాల, నరసరావుపేట

ముగ్గురు డాక్టర్లు, మూడు ఆసుపత్రులు, తలా ఒక సీటు అనుకుందాం. మాచర్ల అమ్మాయి, గురజాల అబ్బాయి ఇద్దరూ పెద్దాసుపత్రి, ఆ తర్వాత నడిమాసుపత్రి, చివర చిన్నాసుపత్రి అని రాశారు. నరసరావుపేట అమ్మాయి వరస నడిమి, పెద్ద, చిన్న. ఆసుపత్రులూ తమ వరస రాశాయి. పెద్దాసుపత్రి మొదట నరసరావుపేట అమ్మాయిని, తర్వాత మాచర్లను, చివర గురజాలను కోరింది. నడిమాసుపత్రికి గురజాల అబ్బాయే ముందు, తర్వాత నరసరావుపేట, ఆపైన మాచర్ల. చిన్నాసుపత్రి ఎవరొచ్చినా కళ్లకద్దుకుంటుంది.

కంప్యూటర్ డాక్టర్ల వైపు నుంచి మొదలుపెడుతుంది. మాచర్ల అమ్మాయి పెద్దాసుపత్రి తలుపు తట్టింది. 'ప్రస్తుతానికి కూర్చో' అన్నది. గురజాల అబ్బాయీ అక్కడే తట్టాడు. కూర్చున్న మనిషి ఇతని కన్నా పై వరసలో ఉంది కనుక కుదరదు పొమ్మంది. అతను నడిమాసుపత్రికి వెళ్లి కూర్చున్నాడు. నరసరావుపేట అమ్మాయి నడిమాసుపత్రికి వచ్చింది. గురజాల అబ్బాయే కావాలంది ఆసుపత్రి. ఆమె తన రెండో ఇష్టమైన పెద్దాసుపత్రికి వెళ్లింది. అక్కడ ఆమె పేరే అందరికన్నా పైన ఉంది! కూర్చున్న మాచర్ల అమ్మాయి లేవాల్సి వచ్చింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే. మాచర్ల అమ్మాయి నడిమాసుపత్రికి వెళ్తే అక్కడా కాదన్నారు. చివరికి చిన్నాసుపత్రిలో కుదురుకుంది. అందరూ నిలిచాకే ఫలితం ఖాయం.

పెద్దాసుపత్రిని మొదట రాసినందుకు గురజాల అబ్బాయికి ఏ నష్టమూ జరగలేదు చూశారా. అక్కడ కాదన్నా నడిమాసుపత్రిలో అతని స్థానం చెక్కుచెదరలేదు. అందుకే 'వచ్చేది ముందు రాయి, రానిది రాయకు' అన్న సలహా ఇక్కడ తప్పు. ఇష్టమున్నది ఇష్టమున్న వరసలో రాయడమే తెలివి.

ఇప్పుడు అదే కథలో డిసెంబరులో చిన్నాసుపత్రి నరసరావుపేట అమ్మాయికి ఫోన్ చేసిందనుకోండి. "ఎల్లుండిలోగా సంతకం పెట్టండి, లేదంటే వేరేవాళ్లను చూసుకుంటాం." ఇంట్లో అప్పులు, వీసా భయం, నోటి దగ్గర కూడు. పెట్టేసింది. పెద్దాసుపత్రి తన పేరు మొదట రాసుకుందన్న సంగతి ఆమెకు జన్మలో తెలియదు. ఆ సీటు మాచర్ల అమ్మాయికి పోయింది. అంటే తొందర సంతకం వల్ల బాగుపడేవాళ్లూ ఉంటారు. ఒకరి భయం మరొకరికి భోజనం. 2012కు ముందు ప్రీమ్యాచ్ మంచిదేనని చెప్పే సీనియర్లలో కొందరిది మాచర్ల అమ్మాయి అదృష్టం.

ఈ పద్ధతికి గణిత పునాది 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షేప్లీ రాసిన పరిశోధనా పత్రం. విచిత్రం ఏమిటంటే, వాళ్లు రాయకముందే 1952 నుంచీ మ్యాచ్ దాదాపు అదే పని చేస్తోందని 1984లో ఆల్విన్ రాత్ చూపించాడు. కాకపోతే అప్పట్లో ఆసుపత్రుల వైపు నుంచి మొదలయ్యేది. రాత్, ఇలియట్ పెరాన్సన్ కలిసి తిరగరాసిన పద్ధతి 1998 మ్యాచ్ నుంచి డాక్టర్ల వైపు నుంచి నడుస్తోంది. రాత్, షేప్లీలకు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఏం అనొచ్చు, ఏం అనకూడదు

నా దగ్గరకొచ్చిన ఈమెయిల్‌ నిబంధనల ప్రకారం తప్పేమీ కాదు. 'మీరంటే మాకిష్టం' అని ఆసుపత్రి రాయొచ్చు, 'మీకే నా మొదటి ర్యాంక్' అని డాక్టరూ రాయొచ్చు. కానీ మమ్మల్ని ఎన్నో స్థానంలో రాస్తున్నావని ఆసుపత్రి అడగకూడదు. ఇంకెక్కడెక్కడ ఇంటర్వ్యూలిచ్చావనీ అడగకూడదు. లిస్టులు పెట్టకముందే ఇరువైపులా కట్టుబడేలా ఏ ఒప్పందమూ చేసుకోకూడదు. ఆ ఈమెయిల్‌లో సంతకం పెట్టే చోటు లేదు. ఉండి ఉంటే అనుమానించాల్సి వచ్చేది.

లిస్టు గడువు దాటిందంటే మాత్రం అదే సంతకం. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. తిరునాళ్ల సందడి ముగిసి వారం తిరక్కుండానే, మార్చి 5న అమెరికా తూర్పు తీరపు గడియారంలో రాత్రి తొమ్మిదింటికి ర్యాంక్ లిస్టుల గడువు ముగిసింది. మనకది మార్చి 6 ఉదయం ఏడున్నర. మార్చి 17 సోమవారం మన భోజనాల వేళకు సీటు వచ్చిందా లేదా అన్నది తెలిసింది. ఎక్కడన్నది 21వ తేదీ శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు. మధ్యలో నాలుగు రోజులు మిగిలిపోయిన రెండున్నర వేల చిల్లర సీట్లకు సోప్ అనే మలివిడత. అందులో వచ్చిన పిలుపుకు గంటల్లో జవాబివ్వాలి. 1949 టెలిగ్రాం నీడ అక్కడ ఇంకా కొంచెం మిగిలే ఉందని నాకనిపిస్తుంది.

మ్యాచ్ అయిన సీటును ఇష్టం లేదని వదులుకోవడానికి వీల్లేదు. ఆసుపత్రి, డాక్టరు ఇద్దరూ ఒప్పుకున్నా చాలదు, ఎన్‌ఆర్‌ఎంపీ మినహాయింపు ఇవ్వాలి. చేరాక 45 రోజుల లోపల మానేస్తే ఒప్పందం తప్పినట్టే లెక్క. తప్పితే ఏడాది నుంచి మూడేళ్ల దాకా, తీవ్రతను బట్టి శాశ్వతంగానూ మ్యాచ్ నుంచి వెలి. ఆసుపత్రికీ ఇదే కొరడా. అందుకే చచ్చినా వెళ్లనన్న చోటు పేరు లిస్టులో రాయకూడదు.

58 శాతం అంటే నూటికి 58 మంది కాదు

2025లో మ్యాచ్‌లోకొచ్చిన మొత్తం సీట్లు 43,237. అమెరికా పౌరసత్వం లేని విదేశీ పట్టభద్రుల్లో 58.0 శాతానికి మొదటి ఏడాది సీటు దక్కింది. 2012 నాటి 40.6తో పోలిస్తే ఎంత దూరం! పదమూడేళ్లలో ఇంటర్నల్ మెడిసిన్ సీట్లూ పది వేలు దాటాయి. ఈ పెరుగుదలంతా 'ఆల్ ఇన్' పుణ్యమంటే అబద్ధమవుతుంది. అక్కడ ముసలివాళ్లు పెరిగారు, ఆసుపత్రులు కొత్త ప్రోగ్రాంలు తెరిచాయి. 2013లో ఒక్కసారిగా వచ్చిన ఏడు శాతం వెనక మాత్రం ఈ నిబంధన చెయ్యి ఉంది.

ఈ 58 చూసి పొలం తాకట్టు పెట్టే ముందు శాతం దేని మీద కట్టారో చూడండి. 2025లో పేరు నమోదు చేసుకున్నవాళ్లు అన్ని వర్గాలూ కలిపి 52,498 మంది. చివరికి ర్యాంక్ లిస్టు పెట్టినవాళ్లు 47,208. తేడా 5,290. శాతం కట్టేది లిస్టు పెట్టినవాళ్ల మీదే. ఒక్క ఇంటర్వ్యూ పిలుపూ రానివాడు లిస్టులో ఏం రాస్తాడు? పేరు రాసుకుని, లిస్టు పెట్టలేక మిగిలిపోయినవాళ్లు ఆ 58కి బయటే ఉన్నారు. పరీక్షల దశలోనే ఆగినవాళ్లు ఏ లెక్కలోనూ లేరు.

ఖర్చు సంగతీ చెప్పాలి. 2025 సీజన్‌లో ఒక్కో స్పెషాలిటీకి దరఖాస్తులు మొదటి ముప్పైకి తలా 11 డాలర్లు, ఆపైన ఒక్కోటి 30 డాలర్లు. వంద ప్రోగ్రాంలకు పెడితే 330, దాని మీద 2,100, మొత్తం 2,430 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే రెండు లక్షల ఆరు వేలు. పరీక్షల ఫీజులూ, అమెరికా వెళ్లి ఆసుపత్రుల్లో అనుభవం కోసం ఉండే నెలల ఖర్చూ ఇందులో కలపలేదు. డాక్టరంటే ఓట్లు కూడా వేసే ఊరు మాది. సర్జన్ కోడెల శివప్రసాదరావును 1983 నుంచి 1999 దాకా వరసగా అయిదుసార్లు, ఆ తర్వాత మరో ఇద్దరు డాక్టర్లను అసెంబ్లీకి పంపింది నరసరావుపేట. ఆ గౌరవం కోసం ఇళ్లలో ఎంత తాకట్టు పడుతోందో బ్యాంకుల వాళ్లకు తెలుసు.

అందుకే రైతు గారి 'అడ్వాన్స్' మాటను తీసిపారేయలేను. ముందే సంతకమైతే వీసా పనులకు నెలలు కలిసొచ్చేవి. ఇప్పుడు మార్చి మూడో వారంలో తెలిసి జూలై 1కి డ్యూటీలో ఉండాలి. మధ్యలో మూడు నెలలు. 2025 మే 27న అమెరికా కొత్త జే-1 వీసా ఇంటర్వ్యూల కేటాయింపు ఆపేసి జూన్ 18కి గానీ మళ్లీ తెరవలేదు. మ్యాచ్ అయిన డాక్టర్లు కాన్సులేట్ వెబ్‌సైట్ ముందు జాగారం చేశారు. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుం ప్రకటించారు. ఏ చిన్న ఆసుపత్రి అంత కట్టి మనవాణ్ని తెచ్చుకుంటుంది? జే-1 మీద వెళ్తే శిక్షణ అయ్యాక రెండేళ్లు స్వదేశానికి రావాలి, లేదా డాక్టర్లు చాలని ప్రాంతంలో మూడేళ్లు పనిచేసి మినహాయింపు తెచ్చుకోవాలి. ఇవన్నీ తెలుసుకోవాల్సింది సెప్టెంబరు దరఖాస్తుకు ముందు, మార్చి తర్వాత కాదు.

జీతం బేరమూ పోయింది. ఒక్కచోటే జతచేస్తే జీతం ఎక్కువివ్వమని ఎవరిని అడుగుతాం అంటూ 2002లో పాల్ జంగ్ అనే డాక్టరు, మరికొందరు కోర్టుకెక్కారు. 2004లో అమెరికా కాంగ్రెస్ పెన్షన్ల చట్టంలో ఒక సెక్షన్ చేర్చి మ్యాచ్‌కు రక్షణ కట్టబెట్టింది, కేసు కొట్టేశారు. పెన్షన్ల చట్టంలోకి డాక్టర్ల మ్యాచ్ ఎలా దూరిందని అడక్కండి. ఏ దేశ చట్టసభ అయినా అంతే.

మన ఇంటి సంగతి

ఇదంతా వాళ్ల గొడవ అనుకోనక్కర్లేదు. పీజీ సీటును ఎంబీబీఎస్ పరీక్షలు కాకముందే 'బుక్ చేసుకోవడం' మన జిల్లాలో తెలియని ఇల్లు లేదు. ప్రైవేటు కాలేజీలు సొంత పరీక్షలు పెట్టుకున్నన్నాళ్లూ యాజమాన్య కోటాకు అడ్వాన్స్ కట్టినవాడిదే సీటు. 2016లో చట్టం మార్చి నీట్‌ను తప్పనిసరి చేశాక ఆ దారి ఇరుకైంది. 2023 డిసెంబరు చివర వచ్చిన పీజీ వైద్యవిద్య నిబంధనలు ఇంకో అడుగు వేశాయి. సీట్లన్నీ ఉమ్మడి కౌన్సెలింగ్‌లోనే నింపాలి, కాలేజీ సొంతంగా ఎవరినీ చేర్చుకోకూడదు, ఫీజు ఎంతో సీట్ల పట్టికలోనే ముందుగా చూపాలి. ఇది మన 'ఆల్ ఇన్'.

కానీ మన పద్ధతిలో కంత వేరే చోట ఉంది. మనకు విడతలెక్కువ. రాష్ట్రంలో ఒకటి, ఢిల్లీలో ఒకటి. ఒక విడతలో సీటు పట్టి, మెరుగైనది దొరికితే ఇది వదిలేయడం, ఆఖర్న ఖాళీ అయిన సీటు తక్కువ ర్యాంకు వాడికి డబ్బుతో పోవడం. సీట్ బ్లాకింగ్ అనే ఈ దందా మీద 2025లో సుప్రీంకోర్టు, జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ధర్మాసనం, గట్టిగా మాట్లాడింది. దేశమంతటికీ ఒకే కౌన్సెలింగ్ క్యాలెండర్, ఫీజుల ముందస్తు వెల్లడి, సీటు బ్లాక్ చేసినవాళ్లకు డిపాజిట్ జప్తు, అనర్హత వేటు వగైరా చెప్పింది. అమెరికా మ్యాచ్‌లో ఈ బెడద తక్కువ. అక్కడ విడత ఒక్కటే, ఫలితానికి కట్టుబడాలి.

ఒక్క మాట సీనియర్ల గురించి. 1965లో అమెరికా వలస చట్టం మారాక గుంటూరు మెడికల్ కాలేజీ నుంచి తరాల కొద్దీ డాక్టర్లు వెళ్లారు. వాళ్ల సంఘం జింకానా గుంటూరు పెద్దాసుపత్రిలో తల్లీబిడ్డల భవనం కట్టించడానికి పూనుకుంది. వాళ్ల మీద గౌరవం ఉంచుతూనే చెబుతున్నాను, 'ఆసుపత్రికి ఉత్తరం రాయి, తెలిసినవాళ్లతో చెప్పించు, కాంట్రాక్టు పట్టెయ్' అనే సలహా వాళ్ల కాలానిది. సిఫారసు వల్ల ఇవాళ ఇంటర్వ్యూ రావచ్చు. సీటు రాదు. తెలిసినవాళ్లెవరూ లేని గురజాల రైతు కొడుక్కి ఈ నిబంధన మేలే చేసింది. నా తీర్పు అంతే.

అయినా కాంట్రాక్టు అనే మాట వినపడుతూనే ఉంటుంది. మ్యాచ్‌లోకి రాని ప్రోగ్రాంలు కొద్దిగా ఉన్నాయి. ఏడాది మధ్యలో ఖాళీ అయ్యే సీట్లూ ఉంటాయి. అవి నిబంధనల ప్రకారమే బయట నిండుతాయి. కాబట్టి మీ అబ్బాయికో అమ్మాయికో మార్చికి ముందు కాంట్రాక్టు వస్తే కంగారుపడకండి, సంబరపడకండి. ఎన్‌ఆర్‌ఎంపీ ఖాతా తెరిచి ఆ ప్రోగ్రాం పేరు అందులో ఉందేమో చూడమనండి. ఉంటే అసలు ఆ కాంట్రాక్టు పంపడమే తప్పు, సంతకం పెడితే ఇద్దరూ ఇరుక్కుంటారు. లేకపోతే వీసా ఏదో, శిక్షణకు గుర్తింపు ఉందో లేదో రాతపూర్వకంగా అడిగి, మ్యాచ్ నుంచి గడువులోగా తప్పుకున్నాకే ముందుకు వెళ్లండి. మధ్యలో ఎవరైనా 'గ్యారంటీ ప్రీమ్యాచ్' అని లక్షలు అడిగితే ఆ ఫోన్ పెట్టేయండి. రెసిడెన్సీ సీటుకు ఆసుపత్రి డాక్టరుకు జీతమిస్తుంది, డాక్టరు దగ్గర డబ్బు తీసుకోదు.